గాలపు దారము - దూరపు నీరు

శ్రీశైల జలాశయము నిండి 885 అడుగుల మట్టమును అందుకొన్న దినములలో, జూపాడు బంగ్లా మండలమందలి పోతిరెడ్డిపాడు చేరువ నిలిచి చూచినచో కన్ను సాగినంత మేరకు నీరే. గాలము వేయువానికి అది వేడుక. కాని మట్టము తగ్గినకొలది నీటి అంచు ఏటివైపునకు జరిగిపోవును. ఒడ్డున కాలు దిగబడు నల్లరేగడి బురద మిగులును. వాలుగ వంటి పెద్ద చేప లోతును వెదకుకొని పోవును. ఇక మనము ఎరను అరువది, ఎనుబది మీటర్ల దూరమునకు చేర్పవలసి వచ్చును. అప్పుడే గాలపు దారము మన తెలివిని పరీక్షించును.

కొన్నియేండ్ల క్రిందట ఒక శీతకాలపు సాయంకాలమున ఆ పరీక్షలో మేము తప్పితిమి. అంగడిలో ఉండచుట్టపై వ్రాసిన బరువు అంకెను మాత్రమే చూచి దారము కొంటిమి. చచ్చిన పరిగెను ఎరగా కట్టి దూరముగా వేసితిమి. చాల సేపటికి దారము కదలినది. కఱ్ఱను ఎత్తి లాగితిమి. దారము సాగినదే కాని ముల్లు గట్టిగా తగిలినట్లు తోచలేదు. చేప నీట మునిగిన పాత రాతిగోడ మీదుగా పరుగెత్తెను. దారము తెగెను. చేప పోయినందుకు మేము అంతగా విచారింపలేదు. గొంతులో ముల్లును, వెనుక ఏబది మీటర్ల దారమును ఈడ్చుకొని ఆ జీవి పోయినదే, అదియే మమ్ము బాధించినది. నాటినుండి మేము నేర్చుకొన్న నాలుగు మాటలు మీకు మనవి చేయుచున్నాము.

ఐరోపా ఖండపు చల్లని నీళ్ళలో పైక్ అను వేటచేప కలదు. ఇంగ్లండు దేశపు గాలగాండ్రు దానికి చచ్చిన సముద్రపు చేపలను ఎరగా వేయుదురు. మన నీళ్ళలో పైక్ లేదు. ఆ స్థానము వాలుగది. విశాలమైన నోరు, దవడల నిండ సన్నని పండ్ల వరుసలు, చీకటి పడిన పిదప వేట. కనుక వారి అనుభవము మనకును కొంత ఉపకరించును.

దారములు ముఖ్యముగా మూడు తెఱగులు. మొదటిది నైలాను ఏకపోగు. నైలానును 1935లో అమెరికాలో వాలెస్ కెరోథర్స్ కనిపెట్టెను. ఇది రాతి రాపిడిని కొంత ఓర్చును, చౌక, ముడి చక్కగా నిలుచును. దీని దోషము సాగుట. లాగినప్పుడు నూటికి పదివంతులు సాగినదనుకొందము. ఎనుబది మీటర్లకు ఎనిమిది మీటర్లు! మనము కఱ్ఱతో లాగునది రెండు మీటర్లు. ఇక ముల్లు దగ్గరకు చేరునదేమి? నీట నానిన నైలాను బలము కొంత తగ్గును. ఎండలో ఉంచినచో పెళుసెక్కును.

రెండవది పాలిథీన్ పోగులతో అల్లిన దారము. ఇది తెగునంతవరకు లాగినను నూటికి మూడు నాలుగు వంతులకు మించి సాగదు. దూరమున చేప ఎరను ముట్టినను కఱ్ఱ కొనకు వెంటనే తెలియును. బలమునకు తగినంత సన్నముగా ఉండును గనుక గాలిని చీల్చుకొని దూరము పోవును. అయితే ఇది నీటికంటె తేలిక; పైన తేలుచు, గాలి వీచునపుడు విల్లువలె వంగును. రాతి అంచు తగిలినచో తటాలున తెగును. చేతికి చుట్టుకొని లాగరాదు, వ్రేళ్ళు కోయును. ఎక్కడనైన తగులుకొన్నచో కఱ్ఱముక్కకు చుట్టి లాగవలెను.

మూడవది ఫ్లోరోకార్బన్. నీటికంటె ఇంచుమించు ఒకటిముప్పాతిక రెట్లు బరువు. కనుక అడుగునకు దిగును, నీటిలో అంతగా కనబడదు. కాని బిరుసు, దూరపు విసరుటకు చుట్ట నిండ వాడుట సుఖము కాదు.

ఇప్పుడు ఏది కొనవలెను? నీటి అడుగును అడిగి కొనవలెను. బురద నేల, అడ్డు లేని నీరు, దూరము ఎక్కువ అయినచో పదమూడు కిలోల బలముగల అల్లిన దారము మేలు. దాని ముందు ఎనిమిది పది మీటర్లు 0.60 మిల్లీమీటర్ల మందపు నైలాను ముడివేయుడు. విసరునప్పటి ఊపును, రాపిడిని అది భరించును. ప్రతి ముప్పది గ్రాముల బరువునకు అయిదు కిలోల బలము ఆ ముందుదారమునకు ఉండవలెను. ఎర బరువును కూడ లెక్కించుడు. పాత గోడలు, మొద్దులు, రాళ్ళు ఉన్నచోట దూరపు ఆశ విడిచి, 0.40 మిల్లీమీటర్ల నైలానుతో దగ్గరగా వేయుట మంచిది. ముందుదారము పది మీటర్లనే కాచును. అరువది మీటర్లను కాయలేదు.

ముల్లుకు పైన అర మీటరు తీగ తప్పనిసరి. వాలుగ పండ్లు సన్నని నైలానును ఆకురాయివలె అరగదీయును. సీసపు గుండును మాత్రము అసలు దారములో సగము బలముగల దారముతో కట్టుడు. గుండు రాతిసందున చిక్కినచో అదియొక్కటే తెగును. చేప మన చేతికి వచ్చును. గుండు ఊరకపోవుటయా, చేప దారముతో పోవుటయా అన్నచో మొదటిదే మేలు గదా. పుట్టిపై ఎరను కొనిపోయి దించునపుడు ఇంకను పలుచని దారము చాలును. కాని పుట్టి ఎక్కువారు తేలెడు చొక్కా తొడుగుకొనవలెను, తూముల దరికి పోరాదు.

ముడి బిగించునపుడు తడిచేయుడు. పొడిముడి రాపిడి వేడిమికి బలము కోల్పోవును. వేటకు ముందు మొదటి పది మీటర్లను వ్రేళ్ళమధ్య నడిపించి చూడుడు; గరుకు తగిలినచోట కోసివేయుడు. దారము కదలినంతనే లాగుడు. ఆలస్యము చేసిన ఎర గొంతు దిగును, పిదప చేపను విడిచిపెట్టినను బ్రదుకదు.

ఈ చివరి మాటకు కారణము కలదు. ఒకప్పుడు ఏటేటా విరివిగా దొరకిన వాలుగ నేడు ప్రపంచ ప్రకృతి సంరక్షణ సమితివారి పట్టికలో ప్రమాదమునకు లోనైన జాతిగా చేరినది. కనుక మత్స్యశాఖవారి అనుమతి లేకయు, అభయారణ్యపు హద్దులలోను గాలము వేయరాదు. తొలకరి నీటితో గ్రుడ్లుపెట్టు దినములలో గాలమును ఇంటనే ఉంచుడు. తెగిన దారపు ముక్కలను ఒడ్డున పారవేయక జేబున వేసికొని రండు. కొంగ కాలికి చుట్టుకొన్న నైలాను తనంతట తాను చివికిపోదు.

మంచి దారమన్నది పెద్ద చేపను తెచ్చు దారము మాత్రమే కాదు. తెచ్చినను విడిచినను, ఆ జీవికి మన గుర్తును మెడకు కట్టి పంపనిది మంచి దారము.