బీడీ పొగ, కడుపు మంట



ఫాక్‌లాండ్ రోడ్డుకు పఠ్ఠే బాపూరావు మార్గమని పేరు మారి చాలాకాలమైనా తెలుగువారి నోట పాతపేరే నిలిచింది. ఈ చాళ్లలో మరొక పాత అలవాటు కూడా అట్లే నిలిచి ఉన్నది. తెల్లవారుజామున ఉమ్మడి మరుగుదొడ్డి వద్ద బారులు తీరిన మగవారిలో పలువురి వేళ్ల నడుమ బీడీ వెలుగుతూ ఉంటుంది. బీడీ కాల్చనిదే కడుపు కదలదని వారి నమ్మకం.

ఆ నమ్మకం పూర్తిగా అబద్ధం కాదు. నికోటిన్ పేగుల కదలికను కొంత ప్రేరేపిస్తుంది. కొన్నాళ్లకు శరీరం దానికే అలవాటు పడుతుంది. అందువల్లనే పొగ మానిన తొలి వారాలలో కొందరికి మలబద్ధకం కలుగుతుంది. మానడం వల్లనే జబ్బు చేసిందనుకొని మళ్లీ బీడీ ముట్టించేవారు ఈ ఘట్టంలోనే ఎక్కువ.

పొగ చేరేది ఊపిరితిత్తులకే అనుకోవడం పొరపాటు. నికోటిన్ రక్తంలో కలిసి జీర్ణకోశమంతటా ప్రసరిస్తుంది. అన్నవాహిక దిగువన ఆహారం వెనుకకు రాకుండా మూసివుంచే కండరవలయం ఒకటి ఉన్నది. పొగ వల్ల అది సడలి, ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. గుండెల్లో మంట, పులితేన్పులు అందువల్లనే. జీర్ణాశయపు లోపలి పొరకు రక్తప్రసారం తగ్గుతుంది. ఆమ్లాన్ని విరిచే క్షారరసం చిన్నపేగు మొదట్లో తక్కువగా ఊరుతుంది. పుండు పడటానికి ఇంతకంటే అనువైన స్థితి వేరే లేదు.

పుండ్లకు ముఖ్యకారణం పైలోరి అనే సూక్ష్మజీవి అని 1982లో ఆస్ట్రేలియా వైద్యులు మార్షల్, వారెన్ గుర్తించారు. 2005లో వారికి నోబెల్ బహుమతి లభించింది. ఈ క్రిమిని చంపే మందులు సైతం పొగతాగేవారిలో తరచుగా విఫలమవుతాయి. పగలంతా బరువులు మోసి, రాత్రి ఒళ్లునొప్పులకు మాత్రలు మింగి, పైన రెండు బీడీలు కాల్చే కూలీ కడుపుకు ముప్పు రెండింతలు. మలం తారువలె నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం కనబడినా అది గ్యాస్ కాదు. ఆ పూటే ఆసుపత్రికి వెళ్లవలసిన స్థితి.

బీడీ తునికాకుతో చుట్టినది గనుక సిగరెట్టు కంటే మేలని ఒక వాదన వినబడుతుంది. నిజామాబాదు, జగిత్యాల పల్లెలలో సొంత అక్కచెల్లెళ్లు చుట్టిన బీడీ మీద మమకారం ఉండటం సహజమే; కడుపుకు ఆ బంధుత్వం తెలియదు. బీడీలోనూ నికోటిన్, తారు సిగరెట్టుకు తీసిపోవు.

ఇక మందుల దుకాణాలలో అమ్మే యాంటీ ఆక్సిడెంట్ మాత్రల సంగతి. పొగ శరీరకణాలలో ఆక్సీకరణను పెంచి, పేగు పొరను దెబ్బతీస్తుంది. కాబట్టి దానిని అరికట్టే పదార్థాలు మేలు చేయాలన్న ఊహ అర్థవంతమైనదే. పొగతాగేవారి రక్తంలో విటమిన్ సి తక్కువగా ఉంటుంది. అమెరికా పోషకాహార ప్రమాణాలు వారికి రోజుకు 35 మిల్లీగ్రాములు అదనంగా సూచిస్తున్నాయి. ఒక జామపండు దానికి మించి ఇస్తుంది. అయితే ఫిన్లాండులో 29,133 మంది పొగతాగే పురుషులపై జరిగిన పరిశోధన ఫలితాలు 1994లో వెలువడినప్పుడు వైద్యలోకం ఉలిక్కిపడింది. బీటా కెరోటిన్ మాత్రలు మింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గకపోగా 18 శాతం పెరిగింది. పండు తినడం వేరు, మాత్ర మింగడం వేరు. మాత్ర ఉన్నదన్న ధీమాతో బీడీ కొనసాగించడం అన్నిటికంటే చెడ్డ బేరం.

మానదలచినవారికి ఉచిత ఫోను సహాయం 1800 11 2356 నంబరులో లభిస్తుంది. కడుపు పరీక్షకు ముంబయి సెంట్రల్ వద్ద పురపాలక నాయర్ ఆసుపత్రి నడిచి వెళ్లగల దూరంలోనే ఉన్నది. తొలి వారాల మలబద్ధకానికి వేకువన రెండు గ్లాసుల నీరు, పూటకొక జొన్నరొట్టె, ఆకుకూర చాలామందికి సరిపోతాయి.