గని ఊరి నుండి ఆటల కొలువుకు



2001 ఫిబ్రవరి 28న కోలారు బంగారు గనులు మూతపడ్డాయి. నాటి నుండి మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు కొలువులకు వెళ్లిరావడం ఇక్కడి యువతలో ఎందరికో నిత్యకృత్యమైంది. ఆ బెంగళూరులోనే 1997లో ధ్రువ ఇంటరాక్టివ్ అనే వీడియో గేమ్ సంస్థ వెలసింది. 2019లో రాక్‌స్టార్ దానిని కొన్నది. ఈ రంగంలో ప్రోగ్రామర్లకే కాదు, చిత్రకారులకు, తప్పులు పట్టే టెస్టర్లకు కూడా చోటుంది. డిగ్రీ పట్టా అక్కరకు వస్తుంది, కాదనలేము. అయితే చేసి చూపిన పనికే అక్కడ ఎక్కువ విలువ. కనుక వేలకు వేలు శిక్షణ రుసుము కట్టే ముందు, ఉచితంగా లభించే బ్లెండర్, గోడో సాధనాలతో ఐదు నిమిషాల ఆటనొకదానిని పూర్తి చేయడం మేలు. కథ కోసం వెతుకులాట ఎందుకు? చాంపియన్ రీఫ్ గని లోతు మూడు కిలోమీటర్లకు పైమాటే. ఆ షాఫ్టులో దిగిన తాతలు ఈ వీధులలో ఇంకా ఉన్నారు. అక్కడి చీకటి, ఉక్క ఎలా ఉండేవో వారినే అడగవచ్చు.