యుద్ధానికి ముందు జరిగే పని



ఈ సాయంత్రం మనం స్మరించుకుంటున్న జనరల్ కె.వి. కృష్ణారావు గారు 1971లో సిల్హెట్ రంగంలో 8వ మౌంటెన్ డివిజన్‌ను నడిపించారు. 1981 నుంచి 1983 దాకా దేశానికి సైన్యాధిపతి. తెలుగువాడని గర్వపడతాం. నాకు మాత్రం ఆయన పేరు వినగానే 1975లో ఆయన అధ్యక్షతన కూర్చున్న నిపుణుల సంఘం గుర్తొస్తుంది. పాతికేళ్ల తర్వాతి సైన్యం ఎలా ఉండాలో ఆ సంఘం ఆలోచించింది. సైనిక ప్రధాన కార్యాలయం అసలు పని అదే.

ఆ పనికి బాధ్యులెవరో ముందు చూద్దాం. తెల్లవారి పాలనలో త్రివిధ దళాల మీదా ఒక్కడే సర్వసేనాని. స్వాతంత్ర్యంతో ఏ దళానికి ఆ దళాధిపతి వచ్చారు. 1949 జనవరి 15న కరియప్ప గారు పదాతి, ఫిరంగి, కవచ దళాలన్నిటికీ తొలి భారతీయ సేనాని అయ్యారు. 1955లో ‘కమాండర్ ఇన్ చీఫ్’ అన్న పేరు తీసేసి ‘చీఫ్ ఆఫ్ ఆర్మీ స్టాఫ్’ అన్నారు. సర్వసైన్యాధిపత్యం రాష్ట్రపతిది, నిర్ణయం ప్రజలెన్నుకున్న ప్రభుత్వానిది. సైన్యాన్ని సిద్ధం చేసి, ఉన్నదున్నట్టు చెప్పడం దళాధిపతి ధర్మం.

ఆ ధర్మం తప్పితే ఏమవుతుందో 1962 చైనా యుద్ధంలో చూశాం. నమ్‌కా చూ వాగు ఒడ్డున, పద్నాలుగు వేల అడుగులకు చేరువలో, మన జవాన్లు నూలు బట్టలతో, కాన్వాసు బూట్లతో నిలబడ్డారు. వాళ్ల ధైర్యానికి లోటు లేదు. లోటు ఢిల్లీలో జరిగింది.

1971 ఏప్రిల్‌లో తూర్పు బెంగాల్‌లోకి వెంటనే కదలమని ప్రభుత్వం అన్నప్పుడు అప్పటి సైన్యాధిపతి మానెక్‌షా గారు కాదన్నారు. ఆయనే తర్వాత చెప్పుకున్న కారణాలు వినండి: వర్షాలొస్తే తూర్పు బెంగాల్ నదులు సముద్రాలవుతాయి, హిమాలయ కనుమలు మంచుతో మూసుకునే దాకా చైనా వైపు భయం తీరదు, కోతల కాలంలో రైలు వ్యాగన్లు ధాన్యానికి కావాలి. వ్యాగన్ల లెక్క కూడా యుద్ధమే! ప్రభుత్వం ఆ మాట విన్నది. డిసెంబర్ 16న ఢాకాలో పాక్ సేన లొంగిపోయింది.

1999లో కార్గిల్ యుద్ధం మరో లోటు చూపింది. సుబ్రహ్మణ్యం గారి సమీక్షా సంఘం, దాని వెనకే మంత్రుల బృందం లోపాలు ఎత్తిచూపాయి. మూడు దళాల తరఫున ఒకే గొంతు ఉండాలని 2001లో మంత్రుల బృందం సిఫారసు చేసింది. ఆ గొంతు కావలసిన తొలి త్రివిధ దళాధిపతిగా (చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్) జనరల్ బిపిన్ రావత్ బాధ్యతలు స్వీకరించింది 2020 జనవరి 1న. మధ్యలో దాదాపు పందొమ్మిదేళ్లు కరిగిపోయాయి.

విద్యార్థులారా, విజయోత్సవాల్లో పతకాలు కనిపిస్తాయి. వాటి వెనక పటాల ముందు మేల్కొన్న రాత్రులు కనిపించవు. చేదు నిజం చెప్పే సేనానినీ, దాన్ని ఓపికగా వినే ప్రభుత్వాన్నీ కోరుకోండి. సరిహద్దులో నిలబడ్డ జవానుకు మనం తీర్చగల రుణం అదే.