గువారానీలో ర్యాప్



బ్రెజిల్‌లో డౌరాడోస్ పట్నం పక్కన గువారానీ-కైయోవా ఆదివాసీల రిజర్వు ఉంది. చుట్టూ సోయా, చెరకు తోటలు. ఆ గూడేల నలుగురు కుర్రాళ్లు, రెండు జతల అన్నదమ్ములు, 'బ్రో ఎమ్సీస్' పేరుతో 2009లో తొలి ర్యాప్ ఆల్బమ్ తెచ్చారు. పోయిన భూమి గురించి, గూడెం బతుకు గురించి. పోర్చుగీసులోనూ, గువారానీలోనూ.

పోర్చుగీసు ఒక్కటే అయితే ఎక్కువమందికి అర్థమయ్యేది కదా అంటారా? ముందు వాళ్ల గూడెం వినాలి కదా! అర్థం కానోళ్లు అడిగి తెలుసుకుంటారు. 2022లో అదే భాషతో రాక్ ఇన్ రియో వేదిక ఎక్కారు.

నేనేమో హాస్టల్లో అమ్మ ఫోన్ చేస్తే పక్కకెళ్లి, గొంతు తగ్గించి కోయలో మాట్లాడేవాణ్ణి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ర్యాప్‌లు విన్నా. బాగున్నాయి. కానీ మొత్తం తెలుగే. వచ్చేసారి ఒక్క చరణమైనా మన ఇంటి మాటలో రాసి పట్టుకురండి. డోలు నేను కొడతా.