తలకు దెబ్బ తగిలిన తర్వాతి గంటలు



నేను డాక్టరును కాను. ముప్పై అయిదేళ్లు ఫైళ్లు మోసిన గుమాస్తాను. 1996లో చేసిన ఒక పొరపాటు మీతో చెప్పుకోవాలని నిలబడ్డాను.

ఆ ఏడాది ఒక సాయంత్రం ఆఫీసు వదిలాక నేను, నా మిత్రుడు చెరో స్కూటరు మీద ఎల్బీనగర్ వైపు వస్తున్నాం. దిల్‌సుఖ్‌నగర్ దాటాక అతను జారిపడ్డాడు. హెల్మెట్ స్కూటరుకే వేలాడుతోంది. లేచి బట్టలు దులుపుకున్నాడు, టీ తాగాడు, "ఏం కాలేదోయ్" అన్నాడు. నా బండి మీద ఇంటి దగ్గర దింపి వచ్చేశాను. అర్ధరాత్రి వాంతులు, పొంతన లేని మాటలు. తెల్లవారేసరికి తలకు ఆపరేషన్. బతికాడు. కానీ లెడ్జరు కూడికలు నోటితోనే వేసిన ఆ మనిషి, చిల్లర లెక్కకు వేళ్లు మడవవలసి వచ్చింది.

తర్వాత చదివి తెలుసుకున్నది ఇది. దెబ్బ క్షణంలో తగులుతుంది. నష్టం గంటలు, రోజులు సాగుతుంది. మెదడు కణాలు గ్లూటమేట్ వంటి రసాయనాలతో ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి, మన ఆఫీసు తపాలు లాగే. దెబ్బ తగిలితే గ్లూటమేట్ ఒక్కసారిగా పొర్లిపోతుంది. ఆ ఉధృతికి కణాల ద్వారాలు తెరుచుకుని కాల్షియం లోపలికి చొరబడుతుంది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా దెబ్బతింటాయి. కాపలా ఉండే మైక్రోగ్లియా కణాలు వాపును పెంచే సంకేతాలు పంపుతాయి. పుర్రె సాగదు కనుక, వాపైనా, లోపల చేరిన రక్తమైనా మెదడునే నొక్కుతుంది.

గ్లూటమేట్‌ను అడ్డుకునే మందులు మనుషులపై జరిగిన పరీక్షల్లో నెగ్గలేదు. స్టెరాయిడ్లు ఇస్తే మరణాలు పెరుగుతాయని, పదివేల మందిపై జరిగిన పరీక్షలో 2004లో తేలింది. కాబట్టి మన చేతిలో ఉన్నది సమయమే.

తలకు దెబ్బ తగిలాక వాంతులు, పెరిగే తలనొప్పి, మగత, తడబడే మాట, ఫిట్స్, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి. రక్తం పలచబడే మాత్రలు వాడే మనబోటివారు ఏ లక్షణమూ లేకపోయినా వెంటనే చూపించుకోవాలి. పెద్ద వయసులో మెదడు పైన నెమ్మదిగా చేరే రక్తం వారాల తర్వాత బయటపడవచ్చు.

"ఏం కాలేదోయ్" అన్న మాట విని ఫైలు మూసేయకండి. ఆ రోజు నేను మూశాను.

సెలవు.