ఓడిన లీడర్ ఒప్పుకోకపోతే?

ప్రెసిడెంట్ ఎలక్షన్ రిజల్ట్ మీద గొడవైతే జనం ఏం చేస్తారు? అమెరికానే చూడండి.

2000లో ఫ్లోరిడాలో బుష్ మెజారిటీ 537 ఓట్లే. దేశం మొత్తం లెక్కలో ఎక్కువ ఓట్లు మాత్రం అల్ గోర్‌వి! డిసెంబర్ 12న సుప్రీంకోర్టు రీకౌంటింగ్‌కి ఫుల్‌స్టాప్ పెట్టింది. తీర్పు నచ్చలేదంటూనే మర్నాడు గోర్ ఓటమి ఒప్పుకున్నాడు. ఆయన సపోర్టర్లు తిట్టుకున్నారు, కానీ సర్దుకున్నారు.

2020లో ఓడిన ట్రంప్ ఒప్పుకోలేదు. కోర్టుల్లో కేసులు నిలబడలేదు. అయినా 2021 జనవరి 6న జనం క్యాపిటల్‌లోకి దూసుకెళ్లారు.

అందుకే నా అంచనా ఇది: రేపు మళ్లీ ఇలాంటి రిజల్టే వస్తే, సపోర్టర్లు ముందు చూసేది కోర్టు వైపు కాదు, ఓడిన లీడర్ నోటివైపు. ఆ ఒక్క మాట మన ఫోన్లలోకి రావడానికి నిమిషం చాలు.

మరి మీ లీడర్ ఓడితే? ఫార్వర్డ్ కొట్టేముందు ఒక్క నిమిషం ఆగుతారా? నిజం చెప్పండి!