సముద్రముల కావలి చేయి
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



1869లో ఐర్లండు దేశీయుడగు వెల్లెస్లీ బెయిలీ అను ఉపాధ్యాయుడు నాటి పంజాబులోని అంబాలాలో కుష్ఠురోగుల దైన్యమును స్వయముగా చూచెను. 1874లో స్వదేశమునకేగి డబ్లిను మిత్రులకు ఆ సంగతి వివరించెను. పిమ్ అను ఇంటిపేరుగల అక్కచెల్లెండ్రు ఏటా 30 పౌనులు కూర్చి యిత్తుమని మాట యిచ్చిరి; మాటను మించి కూర్చిరి. వారిని జీతమిచ్చి నియమించిన వారెవరును లేరు. ఆ ప్రయత్నమే లెప్రసీ మిషన్ అను క్రైస్తవ సేవాసంస్థగా పెరిగినది. దాని సేవ మన సీమకును వచ్చినది; సాలూరులోని ఫిలడెల్ఫియా ఆసుపత్రియే అందుకు నిదర్శనము.

నా బాల్యమున శ్వేతపుష్కరిణి గట్టున ఒక రోగి దాహమడిగెను. నీళ్ళ చెంబు దూరముగా పెట్టి పారిపోతిని. ఈ గ్రంథాలయమున ఆ అక్కచెల్లెండ్ర కథ చదివిన నాడు ఆ చెంబే జ్ఞాపకము వచ్చి తల వంచుకొంటిని.

ఈ వ్యాధి పాపఫలము కాదు, వంశపారంపర్యమును కాదు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన బహుళౌషధ చికిత్స నేడు ఆరు నెలలు లేదా ఒక సంవత్సరము వాడిన నయమగును. ప్రభుత్వ ఆసుపత్రులలో మందు ఉచితము. స్పర్శ లేని మచ్చను దాచి ఆలస్యము చేసినచో కాలుసేతులు చెడును.

యువకులారా! డబ్లిను వారు ముఖమెరుగని వారికై పాటుపడిరి. మనకు రోగి పొరుగువాడే. వారమునకొకనాడు పది ఇండ్లకు పోయి ఈ మాట చెప్పుడు. మచ్చ కలవానిని వెంటబెట్టుకొని ఆసుపత్రికి తీసికొని పొండు. దాహమడిగినచో చెంబు చేతికే అందిండు.